గున్నమ్మ దిగని పడవ

మా ఆయన పడవ కొన్నాడని చెప్పినప్పుడు మా అత్త గున్నమ్మ అడిగిన మొదటి మాట, "ఎన్ని వలలు పడతాయిరా అందులో?" అని.

"వలలు ఎయ్యరమ్మా దాంతోటి. మనుషుల్ని ఎక్కించుకుని తిప్పుతారు," అన్నాడు మా ఆయన నాగబాబు.

"సేపలు పట్టని పడవేటిరా? దాన్ని కట్టీసి పూజ సేసుకోడానికా?"

ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. కళింగపట్నంలో పుట్టి, కళింగపట్నంలోనే మెట్టి, పొద్దున్నే ఒడ్డున చేపలు అందుకుని, తట్ట నెత్తినెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మిన మనిషి. ఆవిడ లెక్కలో పడవంటే చేపలు దించేది. మా ఆయన కొన్నది మాత్రం వేరే జాతి. విశాఖపట్నంలో ఒక షావుకారు సరదాకి పెట్టుకున్న మోటారు యాట్ అది. ఏళ్ల తరబడి మా ఆయన దానికి మెకానిక్కు. హుద్‌హుద్ తుఫాను దాన్ని ఎత్తి రాళ్ల మీద కొట్టింది. షావుకారుకి మొహం మొత్తి, తుక్కు ధరకి నువ్వే తీసుకుపో అన్నాడు. మా ఆయన చలికాలమంతా అక్కడే పడి ఉండి, పగిలిన అడుగుకి ఫైబర్ అతికించి, ఎలాగోలా నడిచేలా చేసుకుని, ఫాల్గుణంలో ఒక ఉదయం వంశధార మొగలోంచి లోపలికి తెచ్చాడు. నది సముద్రంలో కలిసేచోటిని మా వైపు మొగ అంటారు. మా ఊరి పడవలన్నీ వచ్చేదీ పోయేదీ ఆ మొగలోంచే.

ఊరు ఊరంతా ఒడ్డుకొచ్చేసింది. నేను పొయ్యి మీద అన్నం వదిలేసి పరిగెత్తాను. తెల్లగా, మా వీధిలో ఏ ఇంటికన్నా పొడుగ్గా ఉంది పడవ. లోపల రెండు పడక గదులు, సోఫా, ఫ్రిజ్జు, గ్యాస్ పొయ్యితో వంటగది, ఆఖరికి కక్కూసు కూడా. పైన అద్దాల గది. అందులో చుక్కాని చక్రం పట్టుకుని మా ఆయన పెళ్లికొడుకులా నిలబడి ఉన్నాడు. నెలల తర్వాత మొగుణ్ని చూస్తున్న ఆడదాన్ని, కళ్లు ఆయన మీద ఉండాలి కదా. నా కళ్లు ఆ చక్రం మీద ఉన్నాయి.

నేను నౌపడ పిల్లని. మావాళ్లూ చేపలు పట్టే ఈ కులపోళ్లే కానీ సముద్రం వదిలేసి చాలాకాలమైంది. మా అయ్య ఉప్పుమళ్లకి నీళ్లు తోడే డీజిల్ ఇంజన్ నడిపేవాడు. ఆ ఇంజన్ పక్కనే గోనెపట్టా పరిచి నన్ను పడుకోబెట్టేవారట. ఇంజన్ చప్పుడు వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు కుదురుగా ఉండదు. అందుకే ఆ సాయంత్రం మా ఆయన తన ఆలోచన చెప్పినప్పుడు నేను చేతిలో పని వదిలేసి గుమ్మంలోకొచ్చాను.

"ఆదివారాలు సికాకుళం నుంచి జనం బీచికి వస్తన్నారు. సంద్రంలో ఒక సుట్టు తిప్పి తెద్దాం," అన్నాడు. "దీనికి ఇద్దరు కావాల. ఒకలు పైన సక్రం కాడ, ఒకలు కింద ఇంజన్ల కాడ. మగోళ్లని నమ్ముకుంటే వేట మొదలవగానే ఎల్లిపోతారు. సక్రం హేమ పట్టుకుంటాది."

హేమంటే నేనే. అంతవరకూ మా ఇంట్లో నా పేరు ఇంత మంచి వాక్యంలో ఎవరూ వాడలేదు.

అరుగు మీద కూర్చున్న జోగయ్య పెదనాన్న చుట్ట తీసి పక్కన పెట్టాడు. ఆయన మా అత్తకి స్వయానా అన్న, మా కులపెద్ద. మాటలు తక్కువ, మాట అన్నాక వెనక్కి తీసుకోడు.

"ఒరే అల్లుడూ, ఆడది నీటి మీదున్న పడవెక్కడం నాను పుట్టినకాడ్నుంచీ ఎరగను. నీ పడవ, నీ ఇష్టం. ఎక్కిస్తే మాత్రం ఊళ్లో ఒక్క సెయ్యి నీ తాడు ముట్టుకోదు."

ఇది ఉత్త బెదిరింపు కాదు. మా ఊళ్లో పడవలు కట్టుకునే జెట్టీ లేదు. పడవని నీళ్లలోకి తొయ్యాలన్నా, ఒడ్డుకి లాగాలన్నా పదిమంది చేతులు పడాల్సిందే. ఆ చేతులు లేకపోతే ఎంత పెద్ద పడవైనా ఒక్క గాలివానకి ముక్కలవుతుంది.

నేను మా అత్త వైపు చూశాను. ఆవిడ నోరు ఊళ్లో అందరికీ తెలుసు, పోలీసోడితో కూడా వాదించింది. నా తరఫున ఒక్క మాట అంటుందేమో అనుకున్నాను.

"అన్న సెప్పింది నిజమే," అంది. "మా అమ్మ ఎక్కినాదేటి, నాను ఎక్కినానేటి? పెళ్లయి ఎన్నేళ్లు మీ మావకి సద్దికూడు ఒడ్డునించే అందించినాను. ఇది ఎక్కుతాదట, ఇది."

నాకు ఒళ్లు మండిపోయింది. నాకు అది కావాలి. ఆ చక్రం నా చేతిలో ఉండాలి, ఆ మొగ నేను దాటాలి. ఇంత గట్టిగా ఒకటి కావాలనుకోవడం నాకు పెళ్లయ్యాక అదే మొదలు.

చైత్రం చివరికొచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు పెట్టే వేట నిషేధం రేపో మాపో మొదలవుతుందనగా మేమిద్దరం సామాన్లకి విశాఖపట్నం వెళ్లాం. యాట్ పెట్టుకోవడమంటే రోజూ జబ్బుపడే ఏనుగుని సాకడమే. ఇంజన్‌కి చల్లనీళ్లు లాగే పంపులో చిన్న రబ్బరు చక్రం ఉంటుంది, అది అరిగితే ఇంజన్ ఉడికిపోతుంది. అడుగున నీళ్లని తోసి పడవని నడిపే పంకాల పక్కన జింకు బిళ్లలు బిగించాలి. ఉప్పునీరు ముందు వాటిని తింటుంది, అవి ఉన్నంతకాలం పంకాల జోలికి పోదు. ఫిల్టర్లు, అడుక్కి వేసే రంగు, లోపల చేరిన నీళ్లు తోడే పంపు. కొట్టు కొట్టుకీ తిరిగి సంచులు నింపుకుని తిరిగొచ్చాం. మా ఆయన నాకు ఒక్కొక్కటీ పేరుతో చెప్తుంటే, ఎక్కనివ్వని పడవకి ఈ చదువంతా ఎందుకు అని అడగాలనిపించింది. అడగలేదు, మానేస్తాడేమోనని భయం.

ఆటో దిగి చూస్తే మా పడవ నీళ్లలో లేదు.

నిషేధానికి ముందు రోజు ఊళ్లో పడవలన్నీ ఇసుక మీదకి లాగి, పసుపు రాసి, గంగమ్మకి మొక్కడం మావాళ్ల ఆనవాయితీ. వరసగా పడవలన్నీ ఒడ్డున ఉన్నాయి. అన్నిటికన్నా పైన, బంతిపూల దండతో, తెల్లటి ముక్కుకి చారెడు పసుపుతో మా యాట్ ఒక పక్కకి ఒరిగి ఉంది. దాని ముందు మా అత్త, కొత్త కోక కట్టుకుని.

"సూడరా కొడకా, అందరికన్నా మీదకి లాగించినాను," అంది. "అందరి పడవలూ పూజకొచ్చి నీదొక్కటీ నీళ్లలో ఉండిపోతే దిష్టి గాదేటి? ఊరంతా పట్టింది. సరుగుడు దుంగలు ఏసి, సాలకపోతే రెండు ట్రాక్టర్లు ఎట్టించినాను."

మా ఆయన సంచులు అక్కడే వదిలేసి పడవ కిందకి దూరాడు. చాలాసేపు రాలేదు. వచ్చాక జుట్టునిండా ఇసుకతో అలాగే కూర్చుండిపోయాడు.

"అమ్మా, దీనికి కింద కాళ్లుంటాయే."

"పడవకి కాళ్లేటిరా?"

ఆవిడ చెయ్యి పట్టుకుని వంగోబెట్టి చూపించాడు. మా ఊరి పడవల అడుగు చదునుగా ఉంటుంది, ఇసుక మీద పీటలా జారుతుంది. ఇంజన్ కూడా పైకెత్తేస్తారు. దీనికి అడుగున రెండు ఇరుసులు, వాటి చివర రెండు కంచు పంకాలు, వెనక చుక్కాని రేకులు. ఊరంతా కలిసి హైలెస్సా అని ప్రేమగా లాగిన లాగుడికి పంకాల రెక్కలు వాడిన తమలపాకుల్లా మడతపడిపోయాయి. ఒక ఇరుసు వంగింది. చుక్కాని రేకు ఒకటి ఊడి ఇసుకలో ఎక్కడో ఉండిపోయింది.

మా అత్త లేచి నిలబడి, చేతులకంటిన పసుపు కోకకి తుడుచుకుంది.

మర్నాడు పొద్దున్న లేచేసరికి ఆవిడ ఇంట్లో లేదు. వెళ్లి చూస్తే పడవ కింద బోర్లా పడుకుని, చేపల పొలుసు గీకే కత్తితో అడుక్కి అంటుకున్న గుల్లలు గీకుతోంది. పక్కన చాప, తలగడ, మంచినీళ్ల బిందె.

"పాడు సేసింది నాను," అంది నన్ను చూడకుండానే. "బాగయినాదాకా ఇంటికి రాను. ఆడికి సెప్పు."

నిజంగానే రాలేదు. వారం తిరక్కుండా చాపా తలగడా పడవలోకి ఎక్కాయి. కింద ఇసుక వేడికి ఎవరైనా ఎంతకని పడుకుంటారు? పైగా ఆవిడకి ఆ వంటగది నచ్చింది. షావుకారి సోఫా మీద ఎండు నెత్తళ్ల చేపలు ఆరబెట్టింది. మా ఆయన పంకాలూ ఇరుసూ విప్పి విశాఖపట్నంలో ఇచ్చి తిరిగొచ్చి, ఆ వాసనకి తల పట్టుకున్నాడు. నాకు మాత్రం నవ్వు ఆగలేదు.

ఆవిడ ఎక్కింది కాబట్టి నేనూ ఎక్కాను. మేమిద్దరం ఎక్కాం కాబట్టి వీధిలో ఆడవాళ్లందరికీ ఎక్కాలనిపించింది. అందరికన్నా ముందు జోగయ్య పెదనాన్న భార్య లక్ష్మణమ్మ పెద్దమ్మ వచ్చి నిచ్చెన దగ్గర నిలబడింది. కాలు పెట్టబోయి, మొగుడి వైపు చూసింది.

పెదనాన్న వలకి ముడులేసుకుంటూ తలెత్తకుండానే తీర్పు చెప్పాడు. "నేల మీదున్నాది పడవేటే? ఇల్లు. ఎక్కు."

ఇక చూడండి. రోజూ మధ్యాహ్నం పడవనిండా ఆడవాళ్లే. కక్కూసు తలుపు తీసి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లు, ఫ్రిజ్జులో తల పెట్టి తొంగి చూసేవాళ్లు, పడక మీద ఒకసారి ఒరిగి లేచి, మళ్లీ పక్క సరిచేసేవాళ్లు. లక్ష్మణమ్మ పెద్దమ్మ మాత్రం అద్దాల గదిలో ఒక మూల కూర్చుని మొగ వైపే చూసేది.

మా అత్తకి పడవ సాకడంలో ఒక్క సంగతే మింగుడుపడలేదు. ఉప్పు పేరుకుంటే స్టీలు కమ్మీలు తుప్పు పడతాయని, రోజూ మంచినీళ్లతో కడగాలని మా ఆయన చెప్పాడు.

"బోరింగు కాడ బిందెకి బిందె కొట్టుకుంటన్నాం. దీనికి మంచినీళ్ల తానమేటిరా? దీనమ్మ కడుపు మాడ, మనకన్నా దీని బతుకే బాగున్నాది," అనేది. అంటూనే కడిగేది. కడిగి, పాత కోకతో తుడిచి, వేలితో రాసి నాలిక్కి ఆనించి ఉప్పుందో లేదో చూసుకునేది. ఆ కమ్మీలు షావుకారి దగ్గర కూడా అంత మెరిసి ఉండవు.

జ్యేష్ఠంలో పంకాలు తిరిగొచ్చాయి. ఇరుసు సాపు చేయించి బిగించాం. చుక్కాని రేకు కొత్తది చేయించాం. ఇంజన్లు విప్పి, కడిగి, మళ్లీ కట్టాం. నేను 'కట్టాం' అంటున్నానంటే ఊరికే అనడంలేదు. ఇంజన్ గది ఇరుకు, మా ఆయన భుజాలు పట్టని సందుల్లో నా చెయ్యి పట్టేది. నా గోళ్లలో గ్రీజు వదిలేది కాదు, అన్నం తింటే డీజిల్ వాసన. నాకు అదే బాగుండేది.

ఇంజన్ మొదటిసారి తిప్పిన రోజు చెప్పుకోవాలి. ఇసుక మీద చల్లనీళ్లు ఎక్కడివి? నీలం డ్రమ్ము నిండా నీళ్లు నింపి, గొట్టం పంపుకి తగిలించాం. ఊరంతా చుట్టూ మూగింది. మా ఆయన తాళం తిప్పాడు. ఇంజన్ గుర్రుగుర్రుమంటుంది, దగ్గుతుంది, ఆగిపోతుంది. మళ్లీ తిప్పాడు, మళ్లీ అంతే. బ్యాటరీ దిగిపోతోంది. మా ఆయన మొహం చెమటతో, దిగులుతో నల్లబడింది.

"గాలి పట్టినాది దానికి," అన్నాను. మా అయ్య ఇంజన్ ఇలాగే దగ్గేది.

"అన్నీ సూసినానే."

"నాను ఇన్నాను. సూడ్డం కాదు."

డీజిల్ గొట్టం మీదున్న చిన్న బోల్టు వదులు చేశాను. నురగ వచ్చింది, బుసబుసమని. నురగ ఆగి, శుభ్రమైన డీజిల్ కారేదాకా ఉండి బిగించాను. "ఇప్పుడు తిప్పు," అన్నాను.

అందుకుంది. ఒక్కసారి పడవంతా వణికింది, వంటగదిలో గిన్నెలు కిందపడ్డాయి, వెనక గొట్టంలోంచి పొగా నీళ్లూ ఎగజిమ్మి, దగ్గరగా నిలబడ్డ పక్కింటి గంగులు పంచె తడిసిపోయింది. జనం కేరింతలు కొట్టారు. మా అత్త గిన్నెల సంగతే మర్చిపోయి, ఇంజన్ గదిలోకి తల పెట్టి, నా మొహాన్ని రెండు చేతులతో పట్టుకుంది. నా బుగ్గల మీద ఆవిడ పసుపు, ఆవిడ అరచేతులకి నా గ్రీజు.

ఆ రోజునుంచి మా ఆయన సాయంత్రాలు నాకు చక్రం నేర్పించాడు. ఇసుక మీదే. "కుడికి పట్టు, ఎడమకి రా, కెరటం వస్తాది, ముక్కు దానికేసి తిప్పు," అని ఆయన అంటుంటే నేను తిప్పేదాన్ని. కింద చుక్కాని కదులుతోందో లేదో మా అత్త వంగి చూసి అరిచేది, "తిరిగినాది. ఆఁ, తిరిగినాది." ఎక్కనివ్వని పడవకి ఇదంతా ఎందుకని ఆవిడా అడగలేదు. రోజూ మాత్రం ముందే వచ్చి చుక్కాని దగ్గర నిలబడేది.

పడవ బాగుపడింది సరే, నీళ్లలోకి ఎలా? మళ్లీ లాగితే మళ్లీ కాళ్లు విరుగుతాయి. మా ఆయనకి తోచిన ఉపాయం ఒకటే. పడవని నీళ్లకి తీసుకెళ్లేది లేదు, నీళ్లనే పడవ దగ్గరకి తేవాలి. మేమున్న చోటినుంచి నది పాయ ఎంతో దూరం కాదు. అక్కడిదాకా కాలవ తవ్వి, పడవ కింద గొయ్యి చేసి, అమావాస్య పోటుకి గట్టు తెగ్గొడితే నీళ్లు వచ్చి పడవని లేపుతాయి.

నిషేధంలో మగవాళ్లందరూ ఖాళీ. పైగా పంకాలు వంచింది తామేనన్న బెంగ అందరికీ లోపల ఉంది. ఊరంతా పారలు పట్టుకుని దిగింది. జోగయ్య పెదనాన్న గొడుగు వేసుకుని నిలబడి పని చేయించాడు. పడవ కింద దుంగలు ఆసరా పెడుతూ, ఇసుక తీస్తూ, అమావాస్యకి ముందే గొయ్యి తయారైంది.

అమావాస్య రోజు పొద్దున్నే మా అత్త తవ్వినవాళ్లందరికీ పడవలో ఉప్మా మొదలుపెట్టింది. నేను అద్దాల గదిలో మీటలు తుడుస్తున్నాను. మా ఆయన కింద ఇంజన్ గదిలో ఇరుసు సందుల్లోంచి నీళ్లు కారతాయేమో చూడటానికి టార్చిలైటుతో కూర్చున్నాడు. "గట్టు కొట్టండ్రా," అని పెదనాన్న కేక వినిపించింది.

మట్టినీళ్లు ముందు తాడంత సన్నగా వచ్చాయి. తర్వాత గట్టు కూలింది. నీళ్లు ఉరికి వచ్చి గొయ్యి నిండా తిరిగాయి. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత కింద దుంగ ఒకటి కిర్రుమంది. నెలల తరబడి ఒక పక్కకి ఒరిగి ఉన్న నేల నా కాళ్ల కింద మెల్లగా చదునైంది.

కింద వంటగదిలోంచి మా అత్త గరిటెతో బయటకొచ్చింది. "ఏటే, గిన్నె దానంతటదే జరుగుతన్నాది?"

"తేలిందత్తా," అన్నాను.

ఒడ్డున తాళ్లు పట్టుకున్న మగవాళ్లు అరుస్తున్నారు, నవ్వుతున్నారు. పెదనాన్న చెయ్యెత్తాడు. అందరూ ఆగారు.

"పడవ తేలినాది. ఆడోళ్లు దిగండి."

నేను మీటల మీంచి చెయ్యి తీసేశాను. నిచ్చెన ఇంకా ఒడ్డుకి ఆనే ఉంది. మా ఆయన కిందనుంచి తల పైకెత్తి నన్ను చూశాడు. తాళ్లు వాళ్ల చేతుల్లో ఉన్నాయి. వాళ్లు ఒగ్గేస్తే పడవ గోతి అంచుకి కొట్టుకుని పగులుతుంది. నేను మెట్లు దిగి కమ్మీ దాకా వచ్చాను.

మా అత్త నాకు అడ్డంగా నిలబడింది.

"ఎవులు ఎక్కినారు అన్నా?" అంది.

"ఏటి?"

"ఆడది నీటి మీదున్న పడవ ఎక్కకూడదన్నావు. నాను ఎక్కినానేటి? నాను ఎక్కినపుడు ఇది ఇల్లు. నువ్వే సెప్పినావు, కావాలంటే లక్ష్మణమ్మొదిన్ని అడుగు. నా ఇంట్లో నాను కూకుని ఉప్మా సేస్తన్నాను. నీళ్లే కిందకొచ్చినాయి. ఏటికి వరదొచ్చి ఇంట్లోకి నీళ్లొస్తే, నువ్వు పడవెక్కేసినావు దిగు అంటారేటి?"

ఎవరో ఫక్కున నవ్వారు. నవ్విన మనిషి వెంటనే దగ్గు నటించాడు. పెదనాన్న మొహం ఎర్రబడింది. చెల్లెలి వైపు చూశాడు, పడవ కింద తిరుగుతున్న నీళ్లు చూశాడు, మొగ వైపు చూశాడు. అన్న మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు. ఆ రెండు మాటలూ ఆయనవే.

పోటు ఎక్కువసేపు నిలవదు. అది ఆయనకి అందరికన్నా బాగా తెలుసు.

"మెల్లగా ఒగ్గండ్రా తాడు," అన్నాడు.

నేను పైకి ఎలా పరిగెత్తానో నాకు తెలియదు. కాలవలోంచి పాయలోకి, పాయలోంచి మొగలోకి. మా ఆయన కిందనుంచి "కారడం నేదు, కారడం నేదు," అని అరుస్తున్నాడు. మొగ దగ్గర నది నీళ్లూ సముద్రం నీళ్లూ ఢీకొని తెల్లగా లేస్తున్నాయి. మొదటి కెరటం గోడలా వచ్చింది. ముక్కు దానికేసి తిప్పాను. పడవ పైకి లేచింది, లేచింది, ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు, తర్వాత ధబ్బున దిగింది. అద్దాల నిండా నీళ్లు. రెండోది, మూడోది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో కేకలు పెడుతున్నానో నాకే తెలియలేదు. ఒక్కసారిగా అన్నీ సర్దుకుని, ముందంతా నీలంగా, వెడల్పుగా తెరుచుకుంది.

మా అత్త రెండు చేతులతో కమ్మీ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. కోకంతా తడిసి, దానికి ఉప్మా అంటుకుని ఉంది. వెనక్కి తిరిగి చూసింది. లైట్‌హౌసు, సరుగుడు తోటలు, వాటి వెనక నీలంగా కొండలు, ఇసుక మీద గీత గీసినట్టు మా ఊరు. నేను ఇంజన్లు తగ్గించాను.

"ఇన్నాళ్లూ ఈ నా కొడుకులు ఇదంతా ఆళ్లే సూసుకున్నారేటే," అంది. "ఇంటికొచ్చి ఒక్కడూ ఒక్క ముక్క సెప్పలేదు."

మధ్యాహ్నానికి తిరిగొచ్చి పాయలో లంగరు వేశాం. ఒడ్డుకీ పడవకీ మధ్య గుండెల లోతు నీళ్లు. పెదనాన్న గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"సూసినారు గదా. ఇంక దిగండి."

"దిగితే మళ్లీ ఎక్కనిస్తావా?" అంది మా అత్త.

పెదనాన్న నీళ్ల వైపు చూపించాడు. "ఇప్పుడిది ఇల్లు కాదు."

"అయితే దిగను," అంది ఆవిడ. వెళ్లి సోఫా మీద కూర్చుంది. నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. దిగిన మరుక్షణం ఆ చక్రం నాది కాదు, ఇంక ఎప్పటికీ కాదు. అంత తెలిసి ఎలా దిగుతాను?

ఆ పూటంతా దిగలేదు. మర్నాడు కూడా దిగలేదు. మా ఆయన నెత్తిన గిన్నె పెట్టుకుని నీళ్లలో నడుచుకుంటూ అన్నం తెచ్చి, తనూ పడవలోనే ఉండిపోయాడు. మగవాళ్లు ఒడ్డున గుంపులుగా కూర్చుని ఇదెక్కడి గోల అన్నారు. పెదనాన్న అక్కణ్నుంచి కదల్లేదు, మాటా మార్చలేదు. మర్నాడు సాయంత్రానికి మా అత్తకి చుట్టలు అయిపోయాయి. చుట్ట లేకపోతే ఆవిడకి కాళ్లూ చేతులూ ఆడవు. అటూ ఇటూ తిరిగింది, అలమారలు వెతికింది, నా మీద విసుక్కుంది. నిచ్చెన వైపు చూడటం మొదలుపెట్టింది. అయిపోయింది అనుకున్నాను.

ఎండ ఇంకా బాగానే ఉంది. ఒడ్డున ఆడవాళ్ల గుంపులోంచి లక్ష్మణమ్మ పెద్దమ్మ బయటకొచ్చింది. కోక ఎగ్గట్టి, ఒక చేత్తో చుట్టల కట్ట నీళ్లకి అందకుండా ఎత్తి పట్టుకుని, నీళ్లలోకి దిగింది. మోకాళ్లు, నడుం, గుండెల దాకా. ఆడబడుచుకి చుట్టలిచ్చి రావడమే కదా అనుకున్నారు అందరూ. పడవ దగ్గరకొచ్చి కట్ట అందించింది. మా అత్త అందుకుంది.

పెద్దమ్మ వెనక్కి తిరగలేదు. చెయ్యి అలాగే పైకి చాచి ఉంచింది.

"వదినా, సెయ్యియ్యి," అంది.

మా అత్త చుట్టలు నా ఒళ్లోకి పడేసి, వంగి, రెండు చేతులతో ఆవిడ చెయ్యి పట్టుకుంది. పెద్దమ్మ నిచ్చెన మీద కాలు పెట్టింది. అందరూ పెదనాన్న వైపు చూశారు. నీళ్లు కారుతున్న కోకతో తన భార్య ఒక్కొక్క మెట్టే ఎక్కడం ఆయన చూశాడు.

"ఇంటి తాళం ఏడెట్టినావే?" అని అడిగాడు.

"గూట్లో ఎట్టినాను," అంది పెద్దమ్మ, వెనక్కి చూడకుండా. "అన్నం ఒండలేదు. నువ్వే ఒండుకో."

నేను పైకి వెళ్లి ఇంజన్లు స్టార్ట్ చేశాను.